రెండు సిస్టమ్‌లూ విండోస్ 11కి పనికిరావట, మార్చేయమంటున్నారు. నిజమేనా?

గోపాలపట్నం_జిరాక్స్
విశాఖ గోపాలపట్నంలో మాది చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. రెండు సిస్టమ్‌లున్నాయి, రెండూ 2018లో అసెంబుల్ చేయించినవే. ఒకటి ఐ5-7400, ఇంకోటి ఐ3-8100. రెండింట్లోనూ 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందని స్క్రీన్ మీద ఒకటే నోటీసులు. సరే 11 వేసుకుందామని చెక్ చేస్తే రెండూ కుదరవని వచ్చింది. తెలిసిన కంప్యూటర్ షాపతన్ని అడిగితే ఇవి పాతబడిపోయాయమ్మా, రెండూ మార్చేయండి, ఒక్కోటి 42 వేలవుతుంది అన్నాడు. 84 వేలంటే మాకు మాటలు కాదు. శుభలేఖలు, కరపత్రాలు, పిల్లల పరీక్షల అప్లికేషన్లు, కరెంటు బిల్లులు అన్నీ వీటి మీదే. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు కొట్టే అను ఫాంట్లు ఆగిపోతే షట్టర్ దించుకోవడమే. రెండు రోజులుగా ఒకటే టెన్షన్. నిజంగా మార్చాల్సిందేనా?

కంచరపాలెం_కుర్రోడు
అస్సలు మార్చొద్దు అక్కా. రూఫస్ అని ఒక ప్రోగ్రామ్ ఉంది, దాంతో పెన్‌డ్రైవ్ తయారు చేసేటప్పుడు విండోస్ 11 అడిగే టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్ల చెకింగ్ తీసేయమని టిక్కు పెట్టుకోవచ్చు. మా ఇంట్లో నాలుగో తరం ఐ5 మీద ఏడాదిగా విండోస్ 11 నడుస్తోంది. ఒక్క రోజు కూడా ఇబ్బంది పెట్టలేదు.

రిపేర్_బెంచ్
తమ్ముడూ, ఇంట్లో సినిమాలు చూసుకునే సిస్టమ్ వేరు, షాపు సిస్టమ్ వేరు. ఆవిడ దగ్గరికి రోజూ జనం ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్కులు పట్టుకొస్తారు. రూల్ తప్పించి వేసిన దానికి అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ఎక్కడా మాటివ్వలేదు. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ దానంతటది రాదు, మళ్ళీ పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చోవాలి. ఆవిడకి అంత తీరిక ఉంటుందా?

అమ్మా, ముందు ఒకటి చెప్పండి. కుదరదు అన్నది సరే, ఎందుకు కుదరదంది? రెండింటికీ కారణం ఒకటే అయ్యుండదు. పీసీ హెల్త్ చెక్ అని మైక్రోసాఫ్ట్ వాళ్ళదే చిన్న ప్రోగ్రామ్ ఉంది, అది వేసి ఏ వరసకి ఎర్ర గుర్తు వచ్చిందో రాయండి.

సాగర_కెరటం
ఐ3-8100 ఎనిమిదో తరం కదా, అది మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే ప్రాసెసర్ల లిస్టులో ఉంది! మరి అది ఎందుకు కుదరదంది?

ఎంవీపీ_మాస్టారు
మంచి ప్రశ్న. కొత్తగా చదివేవాళ్ళ కోసం అడుగుతున్నవేమిటో రాస్తాను. ర్యామ్ 4 జీబీ, డిస్క్ 64 జీబీ, ఈ రెండూ అమ్మాయి దగ్గర దండిగా ఉన్నాయి. ఇబ్బంది పెట్టేవి మూడు. యూఈఎఫ్ఐ (సిస్టమ్ ఆన్ అయ్యే కొత్త పద్ధతి), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే ఆన్ అయ్యేలా చూసేది) ఒకటి, టీపీఎం 2.0 రెండోది, ప్రాసెసర్ మూడోది. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ అయితే రైజెన్ 2000 సిరీస్ నుంచి మాత్రమే ఒప్పుకుంటున్నారు. ఏడో తరంలో ఐ7-7820హెచ్‌క్యూ లాంటి ఒకటి రెండు రకాలకి మినహాయింపు ఇచ్చారు గానీ ఐ5-7400 అందులో లేదు.

టీపీఎం అంటే పిల్లలు భయపడతారు గానీ విషయం తేలికే. మా నాయనమ్మ ఇంటి తాళాలన్నీ ఒక గుత్తి చేసి బొడ్లో దోపుకునేది. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడని దాటి బీరువా తెరవడం వల్లకాదు. డిస్కుకి వేసిన తాళం చెవులు అలా ఒకచోట భద్రంగా పెట్టుకునే ఏర్పాటే టీపీఎం. 2018 నాటి బోర్డుల్లో చాలావాటికి విడిగా చిప్పు కొననక్కర్లేదు, ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని లోపలే ఉంటుంది. కాకపోతే బయోస్‌లో, అంటే విండోస్ రాకముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, ఆఫ్ చేసి ఉంటుంది.

గోపాలపట్నం_జిరాక్స్
ఇప్పుడే చూశాను. ఐ5కి ప్రాసెసర్ సపోర్ట్ లేదని ఒక్కటే ఎర్ర గుర్తు, మిగతావన్నీ పచ్చగా ఉన్నాయి. ఐ3కి ప్రాసెసర్ పచ్చగా ఉంది గానీ టీపీఎం లేదు, సెక్యూర్ బూట్ లేదు అంటోంది. రెండూ ఒకే మనిషి అసెంబుల్ చేశాడు, దానికి ఉండి దీనికి లేకపోవడమేమిటో అర్థం కాలేదు.

రిపేర్_బెంచ్
ఐ3 సిస్టమ్‌లో పొద్దున్న ఆన్ చేయగానే టైం, తేదీ తప్పు చూపిస్తోందా?

గోపాలపట్నం_జిరాక్స్
అవునండీ!! మీకెలా తెలిసింది? ఆరు నెలల నుంచీ ఇదే గోల. రోజూ పాత తేదీ వస్తుంది, సైట్లు సర్టిఫికెట్ తప్పు అని తెరుచుకోవు, నేను టైం మార్చుకుని పని మొదలుపెడతాను. ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కమని కూడా అడుగుతుంది.

రిపేర్_బెంచ్
బోర్డు మీద బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032. రాత్రి మెయిన్ ఆఫ్ చేసి వెళ్తారా?

గోపాలపట్నం_జిరాక్స్
వెళ్తాం. షార్ట్ సర్క్యూట్ భయానికి రోజూ మెయిన్ దించే షట్టర్ వేస్తాం.

రిపేర్_బెంచ్
అదే సంగతి. కరెంటు లేనంతసేపూ గడియారాన్ని నడిపేది ఆ బిళ్ళే. మెయిన్ రోజూ దించేస్తే దాని మీద భారం ఎక్కువ, తొందరగా అయిపోతుంది. అది అయిపోయాక కరెంటు తీసిన ప్రతిసారీ బయోస్ సెట్టింగులు కంపెనీ నుంచి వచ్చినప్పటి స్థితికి పోతాయి. మీ బోర్డుకి ఆ స్థితిలో పీటీటీ ఆఫ్. ఐ5 బోర్డులో ఎవరో ఆన్ చేసి పెట్టారు, దాని బ్యాటరీ ఇంకా బతికుంది, అందుకే అక్కడ పచ్చగా ఉంది. మీ ఐ3కి రోగం ముసలితనం కాదమ్మా, 50 రూపాయల్లోపు దొరికే బ్యాటరీ. వాచీలు బాగుచేసే కొట్లో కూడా దొరుకుతుంది.

కంచరపాలెం_కుర్రోడు
తేదీ తప్పు అని అడిగి టీపీఎం సంగతి తేల్చేశారు గురువుగారు. నాడి పట్టుకుని కడుపులో ఏముందో చెప్పినట్టుంది.

డైమండ్‌పార్క్_సేల్స్
నేను ద్వారకానగర్‌లో కంప్యూటర్ల అమ్మకంలోనే ఉన్నాను కాబట్టి ఒక మాట. ఆ షాపతను మోసం చేశాడని అప్పుడే అనుకోకండి. ఏడేళ్ళ సిస్టమ్ మీద ఖర్చు పెట్టించి, రేపు బోర్డు పోతే మేమే మాట పడాలి. ఐ5-7400కి సరిపోయే బోర్డులు ఇప్పుడు కొత్తవి దొరకడం కష్టం, సెకండ్ హ్యాండే గతి. మార్చేయమని చెప్పడం అతనికి సులువు, మీకు భారం. రెండూ నిజమే.

ఉక్కునగరం_వాసి
సర్, అర్థమైంది గానీ ఐ3 లిస్టులో ఉన్న ప్రాసెసర్. దాన్ని కూడా మార్చేయమనడం న్యాయం కాదు కదా. కనీసం మూత తెరిచి చూడాల్సింది.

డైమండ్‌పార్క్_సేల్స్
అది ఒప్పుకుంటాను. మూత తెరవకుండా చెప్పకూడదు.

సాగర_కెరటం
ఒక హెచ్చరిక. అక్కా, బయోస్‌లోకి వెళ్ళి అన్నీ ఒకేసారి మార్చొద్దు. నేను వీడియో చూసి సీఎస్ఎం (పాత పద్ధతిలో ఆన్ కానిచ్చే సెట్టింగు) ఆఫ్ చేసి సెక్యూర్ బూట్ ఆన్ చేశాను. సేవ్ చేయగానే బూట్ చేయడానికి డిస్క్ లేదని నల్ల తెర. ప్రాజెక్టు ఫైళ్ళన్నీ పోయాయనుకుని ఏడుపొక్కటే తక్కువ. సిస్టమ్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని అసీల్‌మెట్ట తీసుకెళ్తే అతను సీఎస్ఎం మళ్ళీ ఆన్ చేశాడు, రెండు నిమిషాల్లో విండోస్ వచ్చేసింది. డిస్క్‌ని భాగాలు చేసింది ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో అయితే సీఎస్ఎం ఆపగానే అలాగే అవుతుందట. ఫైళ్ళు ఎక్కడికీ పోవు, కానీ ఆ రెండు గంటలు నరకం చూశాను.

రిపేర్_బెంచ్
కెరటం చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, ఈ వరస తప్పితే అందరికీ అదే జరుగుతుంది. అమ్మా, మీ ఐ3కి వరస చెప్తాను, నిదానంగా చదవండి, తొందరేం లేదు.

అన్నిటికంటే ముందు శుభలేఖల ఫైళ్ళు, అను ఫాంట్ల సెటప్, ప్రింటర్ డ్రైవర్లు బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. కాపీ అయ్యాక ఆ డిస్కు ఇంకో సిస్టమ్‌కి పెట్టి నాలుగైదు ఫైళ్ళు తెరిచి చూసుకోండి. తర్వాత మెయిన్ ఆఫ్, ప్లగ్గు పీకేసి, క్యాబినెట్ ఇనుప రేకు మీద ఒకసారి చెయ్యి పెట్టి, అప్పుడు బ్యాటరీ మార్చండి. రాసి ఉన్న వైపు పైకి రావాలి.

సిస్టమ్ ఆన్ చేసి తేదీ సరిచేశాక డిస్క్ సంగతి. 2018లో మనవాళ్ళు ఎక్కువమంది అలవాటు కొద్దీ ఎంబీఆర్‌లోనే విండోస్ వేసేవాళ్ళు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్క్ 0 మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో వాల్యూమ్స్ చూస్తే పాత ఎంబీఆరో కొత్త పద్ధతి జీపీటీయో రాసుంటుంది. ఎంబీఆర్ అయితే ఎంబీఆర్2జీపీటీ అని విండోస్‌లోనే ఒక టూల్ ఉంది, డేటా చెరపకుండా మారుస్తుంది. దానికి వాలిడేట్ అని చెప్తే ముందు పరీక్ష మాత్రమే చేస్తుంది, ఏదీ మార్చదు. అది సరే అన్నాకే కన్వర్ట్. కన్వర్ట్ అయ్యాకే బయోస్‌లోకి వెళ్ళి సీఎస్ఎం ఆఫ్, పీటీటీ ఆన్, సెక్యూర్ బూట్ ఆన్.

పీటీటీ ఒక్కో బోర్డులో ఒక్కోచోట దాక్కుంటుంది. కొన్నింట్లో ట్రస్టెడ్ కంప్యూటింగ్ కింద, కొన్నింట్లో పీసీహెచ్-ఎఫ్‌డబ్ల్యూ కాన్ఫిగరేషన్ కింద, కొన్నింట్లో పెరిఫెరల్స్ కింద. దొరక్కపోతే బయోస్ స్క్రీన్ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.

పెందుర్తి_పద్మ
బ్యాకప్ మాట మళ్ళీ చెప్తున్నా. 2014 అక్టోబర్ 12 హుద్‌హుద్‌కి మా కిటికీలు ఊడిపోయి టేబుల్ మీద సిస్టమ్ నిండా నీళ్ళు. మా అమ్మాయి చిన్నప్పటి ఫొటోలు అన్నీ అందులోనే. ఇంకెక్కడా ఒక్క కాపీ లేదు. ఇప్పటికీ ఆ డిస్క్ పారేయలేక బీరువాలో దాచుకున్నాను. ఏదైనా సరే రెండు చోట్ల ఉంచండి.

మింట్_మావయ్య
ఇంత తంటా ఎందుకమ్మా, లినక్స్ మింట్ వేసుకో. టీపీఎం అడగదు, ఏ తరమని అడగదు. సీతమ్మధారలో మా నాన్నగారు 80 దాటారు, మూడో తరం ఐ3 మీద మింట్ 22తో పేపర్లు చదువుతారు, పాత పాటలు వింటారు, ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు టైపు చేస్తారు. 2029 దాకా దానికి అప్‌డేట్లున్నాయి, పైసా ఖర్చు లేదు.

గోపాలపట్నం_జిరాక్స్
మావయ్యగారూ, పేజ్‌మేకర్, అను అందులో నడుస్తాయా? ప్రెస్సు వాళ్ళు నా దగ్గర తీసుకునే ఫైళ్ళు అన్నీ అవే.

మింట్_మావయ్య
అవి మాత్రం కష్టమేనమ్మా. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే వైన్ అనే దానితో కొందరు ప్రయత్నిస్తారు గానీ పెళ్ళి ముందు రోజు శుభలేఖలో ఒత్తులు ఊడిపోతే నేను జవాబు చెప్పలేను. నెమ్మదిగా ఎక్కడైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్ తెలుగుకి మారమని మాత్రం చెప్తాను.

ఎంవీపీ_మాస్టారు
యూనికోడ్‌కి మారాలన్నది మంచి మాటే. కానీ పన్నెండేళ్ళ శుభలేఖల మూసలు ఒక్క రోజులో మారవు. అది వేరే పని, దీనితో ముడిపెట్టవద్దు.

కంచరపాలెం_కుర్రోడు
ఐ5 సంగతి ఎవరూ చెప్పట్లేదు. అందులో ప్రాసెసర్ ఒక్కటే మార్చేస్తే? ఎనిమిదో తరం కూడా 1151 సాకెట్టే కదా.

రిపేర్_బెంచ్
చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. సాకెట్ పేరు ఒకటే, ప్రాసెసర్ కూడా అందులో కూర్చుంటుంది, కానీ ఎనిమిదో తరానికి 300 సిరీస్ బోర్డు ఉండాలి. 100, 200 సిరీస్ బోర్డులో పెడితే పని చేయదు. ఆఫర్లో దొరికిందని ఐ5-8400 కొని నా దగ్గరికి తెచ్చినవాళ్ళు ఇద్దరున్నారు. ఏఎండీ వాళ్ళకి ఈ విషయంలో అదృష్టం, ఏఎం4 బోర్డు ఉంటే బయోస్ అప్‌డేట్ చేసి కొత్త రైజెన్ పెట్టుకోవచ్చు, బోర్డు కంపెనీ సైట్‌లో లిస్టు చూసుకుంటే చాలు.

ఉక్కునగరం_వాసి
ఏఎండీలో ప్రాసెసర్ మార్చేవాళ్ళకి నా అనుభవం. మార్చి ఆన్ చేయగానే కొత్త సీపీయూ పెట్టారు, ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయనా, వై నొక్కండి అని ఇంగ్లీషులో వస్తుంది. మా వాడు చదవకుండా వై నొక్కేశాడు. డిస్కుకి బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉంది. 48 అంకెల రికవరీ కీ ఇవ్వమని కూర్చుంది. అదృష్టవశాత్తూ వాడి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో కీ సేవ్ అయి ఉంది, ఫోన్లో తెరిచి ఒక్కో అంకె నేను చదువుతుంటే వాడు కొట్టాడు. కీ ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఎంవీపీ_మాస్టారు
ఐ5కి నా సలహా, దాన్ని విండోస్ 10లోనే ఉంచి ఈఎస్‌యూలో, అంటే గడువు అయ్యాక కూడా అప్‌డేట్లు ఇచ్చే మైక్రోసాఫ్ట్ పథకంలో, చేర్చమ్మా. సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. 30 డాలర్లు కట్టాలి, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. కొత్త ఫీచర్లేవీ రావు, నీకు కావలసింది అవి కాదు కూడా.

గోపాలపట్నం_జిరాక్స్
విండోస్ అప్‌డేట్ పేజీలో చూశాను మాస్టారూ, చేరమని ఎక్కడా లేదు.

ఎంవీపీ_మాస్టారు
స్టార్ట్ మెనూలో విన్‌వెర్ అని కొట్టి వెర్షన్ చూడు. 22హెచ్2 ఉంటేనే ఆ బటన్ వస్తుంది.

గోపాలపట్నం_జిరాక్స్
21హెచ్2 ఉంది.

ఎంవీపీ_మాస్టారు
అయితే ముందు 22హెచ్2కి తీసుకురా. తర్వాత కనిపిస్తుంది.

కంచరపాలెం_కుర్రోడు
ఐ5 కోసం నేను చెప్పిన రూఫస్ పద్ధతే మేలని నాకు ఇంకా అనిపిస్తోంది. ఏడాది తర్వాత మళ్ళీ ఇదే ప్రశ్న వస్తుంది కదా.

రిపేర్_బెంచ్
వస్తుంది. కానీ ఆ ఏడాదిలో ఆవిడ నెలకి మూడు వేలు పక్కన పెట్టుకోవచ్చు. ఈ మధ్య ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, ఇప్పుడు కొత్త సిస్టమ్ కొనమని నేను ఎవరికీ చెప్పట్లేదు. అమ్మా, చేతిలో డబ్బుంటే రెండింటికీ ఎస్ఎస్‌డీ వేయించండి. హార్డ్ డిస్క్ మీద 11 నడుస్తుంది గానీ మెషీన్ నత్తలా పాకుతుంది, కస్టమర్ కౌంటర్ దగ్గర నిలబడి విసుక్కుంటాడు.

సాగర_కెరటం
ఎస్ఎస్‌డీకి నాదీ ఓటు. నాకు ఆన్ అవడానికి టీ కాచుకునేంత టైం పట్టేది, ఇప్పుడు స్టవ్ వెలిగించేలోపు రెడీ.

గోపాలపట్నం_జిరాక్స్
నాలుగు రోజులు కనిపించలేదు, క్షమించండి, పెళ్ళిళ్ళ ఆర్డర్లు. ఆదివారం షాపు మూసి కూర్చున్నాం. మా అబ్బాయి ఫోన్ టార్చి పట్టుకున్నాడు, నేను మూత తీశాను. లోపల దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది, ఫ్యాన్ రెక్కలు కనిపించలేదు. బ్రష్‌తో ఊడ్చాక బోర్డు మూలన వెండి బిళ్ళ కనిపించింది. పక్కనున్న క్లిప్పు గోటితో నొక్కితే టక్కుమని లేచింది. దాని అంచు చుట్టూ తెల్లటి పొడి, కింద పచ్చగా చిలుము. బెంచ్‌గారు చెప్పకపోయినా పొడి గుడ్డతో తుడిచి కొత్తది పెట్టాను. 40 రూపాయలు.

డిస్క్ ఎంబీఆరే. పరీక్ష చేస్తే ఫెయిల్ అని వచ్చింది. సీ, డీ, ఈ, ఎఫ్ నాలుగు డ్రైవులున్నాయి. ఇప్పుడేం చేయాలి?

రిపేర్_బెంచ్
తుడవడం మంచిదే అయింది, మన ఊరి సముద్రపు గాలికి చిలుము తప్పదు. ర్యామ్ స్టిక్కుల బంగారు అంచుని కూడా పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది పెట్టండి.

ఫెయిల్ ఎందుకంటే, ఆ టూల్ మూడు ప్రైమరీ పార్టిషన్ల వరకే ఒప్పుకుంటుంది, ఎక్స్‌టెండెడ్ (లోపల మళ్ళీ డ్రైవులు పెట్టుకునే పార్టిషన్) అసలు ఉండకూడదు. సిస్టమ్ రిజర్వ్‌డ్, సీ, డీ తోనే మూడూ అయిపోయాయి, మీ ఈ, ఎఫ్ ఎక్స్‌టెండెడ్‌లో ఉన్నాయి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో వాటి చుట్టూ పచ్చ గీత కనిపిస్తుంది. వాటిలో ఉన్నదంతా బయటి డిస్కులోకి తీసుకుని, సరిచూసుకుని, ఆ రెండూ డిలీట్ చేయండి. మిగిలిన పచ్చ పెట్టెని కూడా డిలీట్ చేయాలి, అది చాలామంది మరిచిపోతారు. జీపీటీ అయ్యాక మళ్ళీ ఎన్ని డ్రైవులైనా చేసుకోవచ్చు.

పెందుర్తి_పద్మ
డిలీట్ కొట్టే ముందు ఇంకోసారి చూసుకో తల్లీ.

గోపాలపట్నం_జిరాక్స్
పద్మగారూ, మూడుసార్లు చూశాను. పెద్ద ఫోల్డర్లు తెరిచి ఫైళ్ళ లెక్క కూడా సరిపోల్చుకున్నాను.

అయిపోయిందండీ! పరీక్ష పాస్, కన్వర్ట్ అయింది, బయోస్‌లో పీటీటీ పెరిఫెరల్స్ కింద దొరికింది. సెక్యూర్ బూట్ ఆన్ చేసి ఎంటర్ కొట్టేటప్పుడు చేతులు వణికాయి. విండోస్ మామూలుగా వచ్చింది. హెల్త్ చెక్‌లో అన్నీ పచ్చ గుర్తులే. రాత్రంతా డౌన్‌లోడ్ పెట్టి ఈ పొద్దున్న 11 వేశాను. పేజ్‌మేకర్ తెరుచుకుంది, అనులో క్ష, జ్ఞ, శ్రీ అన్నీ కొట్టి ప్రింటు తీసి చూశాను, ఒక్క ఒత్తు కూడా పోలేదు. ఐ5ని 22హెచ్2కి తెచ్చి ఈఎస్‌యూలో చేర్చాను, డబ్బు అడగలేదు. 84 వేలు అనుకున్నది 40 రూపాయలతో గట్టెక్కింది. మీ అందరికీ పేరు పేరునా దండాలు.

ఒక్కటి మిగిలింది. పాత స్కానర్ 11లో కనిపించట్లేదు.

ఉక్కునగరం_వాసి
ఆ స్కానర్ పాత డ్రైవర్ 11కి పడకపోయి ఉంటుంది. దానికి 11లో పనిచేసే డ్రైవర్ ఉండాలి. కంపెనీ సైట్‌లో మోడల్ నంబరు కొట్టి చూడండి. లేకపోతే స్కానర్‌ని ఐ5కి పెట్టేయండి, అక్కడ నడుస్తోందిగా.

గోపాలపట్నం_జిరాక్స్
ఐ5కి పెట్టేశాను. బాగానే స్కాన్ చేస్తోంది.

కంచరపాలెం_కుర్రోడు
అక్కా, నా పెళ్ళి శుభలేఖ మీ షాపులోనే కొట్టిస్తాను. ముందు అమ్మాయి దొరకాలి.

కొత్తగా_వచ్చా
నా దగ్గర రైజెన్ 5 1600, బీ350 బోర్డు. నాకూ ప్రాసెసర్ కుదరదంటోంది. ఏం చేయాలి?

రిపేర్_బెంచ్
బోర్డు కంపెనీ, మోడల్, ఇప్పుడున్న బయోస్ వెర్షన్ రాసి వేరే టాపిక్ పెట్టండి. బిట్‌లాకర్ ఉందో లేదో కూడా చూసి రాయండి, ఉక్కునగరం వాసి గారు చెప్పింది మరిచిపోకుండా.